విదేశీ అనాథాశ్రమానికి సేవకు వెళ్లే ముందు జాగ్రత్తలు

విశాఖ నుంచి కంబోడియాకో, కెన్యాకో పిల్లల సేవకు బయల్దేరుతున్నారా? టికెట్ కొనే ముందే ఇవి చూసుకోండి.

• ఆశ్రమం గురించి గట్టిగా ఆరా తీయండి. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. కంబోడియా, నేపాల్‌లలో విరాళాల కోసం పేద ఇళ్ల పిల్లలను తెచ్చి అనాథలుగా చూపించిన సంగతులు బయటపడ్డాయి. ఇలాంటి అక్రమ తరలింపును ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంగా గుర్తించింది.

• ఆశ్రమం వాళ్లు మీ పోలీస్ క్లియరెన్స్ (నేరచరిత్ర లేదనే పత్రం) అడిగితే మంచి సూచన. పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకోవచ్చు. ఏమీ అడగకుండా పిల్లల దగ్గరికి పంపేచోటుపై నాకు నమ్మకం కలగదు.

• టూరిస్టు వీసాపై సేవ చేయనిస్తారా అని కనుక్కోండి. కెన్యా, ఉగాండాలకైతే ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు.

• అన్నిటికంటే ముఖ్యం, పిల్లల మనసు. మొదటి రోజే ఒళ్లో వచ్చి కూర్చున్న పాపను చూసి మురిసిపోతాం. వచ్చినవాళ్లంతా వెళ్లిపోతుంటే, ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా పట్టుకుని వేలాడడం ఆ పాపకు అలవాటై ఉండొచ్చు. మీరూ వెళ్లిపోతే ఇంకో దెబ్బ. అందుకే వెళ్లే తేదీ ముందే చెప్పండి, రాలేనప్పుడు "మళ్లీ వస్తా" అనకండి. బిడ్డ ఏడిస్తే రోజూ ఉండే ఆయమ్మను ఎత్తుకోనివ్వండి. మీరు ఆమెకు వంటలో, బట్టల్లో సాయపడండి. ఫొటోలు వద్దు.

• రెండు వారాలే వీలైతే ప్రయాణం మానుకోండి. విశాఖలోనే ఒక పిల్లల హోమ్‌తో మాట్లాడి, ఏడాదిపాటు ప్రతి ఆదివారం లెక్కలు చెప్పండి.