ఎర్రనీరు రాకముందే: పులస వేటకు వెళ్లే ఇళ్లవాళ్లు చూసుకోవలసినవి

గోదారికి ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, తగిలిందంటే మా రేవులో ఎవరికీ నిద్ర పట్టదు. సముద్రంలో ఇలసగా తిరిగిన చేప గుడ్లు పెట్టడానికి ఆ నీటికి ఎదురీదుకుంటూ వచ్చి పులస అవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా దొరికిన దాంతోనే అప్పులు తీరాలి, పిల్లల ఫీజులు కట్టాలి. యానాంలో ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికిన రోజులున్నాయి. కానీ చేపను తెచ్చే నీరూ, మనిషిని లాక్కుపోయే నీరూ ఒకటేనండి. అందుకే వలలు బాగుచేసుకుంటున్న ఈ రోజుల్లోనే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కత్తి. పెట్టెలో ఎక్కడో ఉన్న కత్తి లేనట్టే. వల లాగే మనిషి చేతికందేలా తాడుతో కట్టి ఉంచండి, పదును చూడండి. కొన్నేళ్ల కిందట వరదలో కొట్టుకొచ్చిన చెట్టొకటి మా వలకు తగులుకుంది. మొదట వలను తేల్చే బెండ్లు ఒక్కొక్కటే బుడుంగుమని మునిగాయి. ఆ వెంటనే నావ ముందు భాగం కిందికి వంగి నీళ్లు లోపలికి దూకాయి. నాన్న వల వదల్లేదు. అప్పు చేసి కొన్న కొత్త వల అది. బాబాయి నాన్న చేతిని పక్కకు నెట్టి తాడు కోసేశాడు. నావ ఒక్క ఊపున పైకి లేచింది. ఆ రాత్రి నాన్న బాబాయితో మాట్లాడలేదు. మర్నాడు అమ్మే బాబాయిని పిలిచి అన్నం పెట్టి, "మంచి పని చేశావు అబ్బాయ్, వల పోతే మళ్లీ కొనుక్కుందాం" అంది. అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు: వల కోసి వచ్చినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు. వేట మొదలయ్యే ముందు, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టిన రోజునే, ఇంటిల్లిపాదీ వినేలా ఈ మాట చెప్పండి. వాటాకు వచ్చే కుర్రాళ్లకు మరీ ముఖ్యంగా చెప్పండి. తిడతారనే భయంతో వాళ్లు కత్తి తీయరు.

వెళ్లాలా వద్దా అన్నది నావలో తేల్చుకునేది కాదు. చేప కనబడ్డాక ఎవరి మనసూ వెనక్కి రాదు. గట్టున ఉండే అమ్మో అత్తో అక్కో ఫోను, టీవీ చూసి చెప్పాలి, ఆ మాటకు తిరుగుండకూడదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిదంటేనే సుమారు 10 లక్షల క్యూసెక్కులు వదులుతున్నారని లెక్క. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. ఎగువన భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. అక్కడి నీరు మన రేవుకు రావడానికి టైము పడుతుంది. ఆ వ్యవధిలోనే వలలు ఎత్తేసి నావను గట్టెక్కించాలి. "ఇంకొక్క వల వేసొద్దాం" అనడమే చాలామంది కొంప ముంచింది.

లైఫ్ జాకెట్ వేసుకుంటే వల లాగడానికి అడ్డొస్తుందంటారు. నిజమే, మొదట్లో అడ్డంగానే ఉంటుంది, నాలుగు రోజులకు అలవాటైపోతుంది. ఈత వచ్చు కదా అనుకోకండి. ఎర్రనీటిలో దుంగ తలకు తగిలితే ఈత గుర్తుండదు. లుంగీతో నావ ఎక్కొద్దు, నిక్కరు వేసుకోండి. నీళ్లలో పడితే పట్టుకుని తేలడానికి మూత బిగించిన ఖాళీ క్యాన్లు రెండు నావలో కట్టి ఉంచండి.

వంతెన స్తంభాల దగ్గర సుడులు తిరుగుతాయి, అటు వల వేయొద్దు. మొగ దగ్గర, అంటే గోదారి సముద్రంలో కలిసే చోట, ఇంకా జాగ్రత్త. వరద ఉన్నప్పుడు పాటు (సముద్రం వెనక్కి తీసే సమయం) కూడా తోడైతే నావ సముద్రంలోకే పోతుంది, ఇంజను ఆగితే ఆపేది లేదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ. రాత్రి వేటకు రెండు టార్చిలు తీసుకెళ్లండి, ఫోను పాలిథిన్ కవర్లో పెట్టండి. ఉరుము వినబడితే గట్టుకు వచ్చేయండి.

పిల్లల్ని నీరు తగ్గిన రోజుల్లో నేర్పడానికి తీసుకెళ్లండి. మేమూ అలాగే నేర్చుకున్నాం. వరదలో మాత్రం వద్దు.

ఇంటి దగ్గర ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, నావ కాగితాలు ఒకే కవర్లో ఉంచండి. మత్స్యశాఖలో పేరు, బీమా ఉన్నాయో లేదో ఇప్పుడే కనుక్కోండి. మత్స్య సంపద యోజన ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షలు వస్తాయి, కానీ పేరు ఎక్కి ఉండాలి. లంకల్లో ఉన్నవాళ్లకు వరదతో పాములు ఇళ్లలోకి వస్తాయి. కాటేస్తే మంత్రాలని ఆగకుండా 108కి చేయండి. నీళ్లలో ఎవరైనా చిక్కుకుంటే 112 గానీ 1070 గానీ.

నావ కట్టడం గురించి ఒక్కటి. తాడును చెట్టు మొదట్లో పొట్టిగా కడితే, రాత్రికి నీరు పెరిగేసరికి తాడు బిగిసి నావ ముక్కును కిందికి లాగేస్తుంది, తెల్లారేసరికి నావ మునిగి ఉంటుంది. కొబ్బరి చెట్టుకు మనిషెత్తు పైన, రెండు తాళ్లతో, వదులుగా కట్టండి. రాత్రి ఒకసారి లేచి చూడండి.