మీరు తీసిన వీడియో పత్రికలో వార్త కావాలంటే ఎలా పంపాలి?

పాఠకులు పంపే వీడియోలను ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో, అంటే వచ్చిన వార్తలను సరిచూసి దిద్దే చోట, ఏళ్ల తరబడి చూసినవాడిని. అందులో సగానికి పైగా పనికిరాకుండా పోయేవి. సంఘటన నిజమే అయినా, పంపిన తీరు వల్ల దాన్ని అచ్చువేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఛార్జింగ్ ఉన్న ఫోన్ చాలు, దాన్ని అడ్డంగానే పట్టుకోవాలి. మొదటి పది సెకన్లు దుకాణం బోర్డో, కిలోమీటరు రాయో, బస్‌స్టాపో కనబడేలా దూరం నుంచి తీసి, ఆ తరువాతే దగ్గరికి వెళ్లాలి. తీస్తున్నంతసేపూ నోరు మెదపకూడదు, పాట జోడించకూడదు.

అసలు చిక్కు వీడియోతో పాటు రాసే నాలుగు ముక్కల్లో ఉంది. కన్నది, విన్నది, అనుకున్నది అనే మూడింటినీ మూడు వేర్వేరు పేరాలుగా రాయాలి. ఉదాహరణకు కాలువకు గండి పడిందనుకుందాం. ఉదయం ఆరున్నరకు మీరు వెళ్లేసరికి గట్టు సుమారు పది అడుగుల మేర కోసుకుపోయి, నీరు వరి పొలాల్లోకి చేరుతుండటం మీరు కన్నది. రాత్రి రెండు గంటలప్పుడు గట్టు తెగిందని పక్క పొలం రైతు చెప్పడం విన్నది. ఇసుక లారీలు తిరగడం వల్లనే గట్టు బలహీనపడిందన్నది మీరు అనుకున్నది. ఈ మూడోదాన్ని మొదటిదానిలో కలిపి 'ఇసుక మాఫియా వల్ల తెగిన కాలువ' అని రాసి పంపితే, డెస్క్‌లో ఉన్నవారు మీరు కళ్లారా చూసిన గండిని కూడా అనుమానించడం మొదలుపెడతారు. మీ అనుమానాన్ని దాచమని నేను అనడం లేదు. దాన్ని అనుమానంగానే రాస్తే, విలేకరి నీటిపారుదల శాఖ అధికారి దగ్గరకు వెళ్లి వివరణ అడుగుతాడు. అది అతని పని, దానికి కావలసిన పరిచయాలూ, వెనుక సంస్థ అండా అతనికి ఉంటాయి.

తేదీ, సమయం, ఊరు, మండలం తప్పకుండా రాయాలి. మీరు తీయని వీడియోను మీదిగా ఎన్నడూ పంపకూడదు. వరదలు వచ్చిన ప్రతిసారీ పాత వీడియోలు కొత్త ఊరి పేరుతో తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి మా జిల్లాలో వంతెన కొట్టుకుపోయిందంటూ వచ్చిన వీడియోలో, నీళ్లలో సగం మునిగిన దుకాణం బోర్డు మీద ఉన్నవి కన్నడ అక్షరాలు. పంపినాయన మాత్రం అది తానే తీశానని ఒట్టు వేశాడు. ఆ తరువాత ఆయన పంపిన నిజమైన వార్తలను కూడా మేము రెండుసార్లు చూసుకోవలసి వచ్చింది.

ముందు ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టి, ఆ లింకును పత్రికకు పంపితే సరిపోతుందని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. 2005 జులై 7న లండన్‌లో బాంబులు పేలినప్పుడు ఆరు గంటల్లోనే వెయ్యికి పైగా ఫోటోలను జనం బీబీసీకి పంపారు. భూగర్భ రైలు సొరంగంలో చిక్కుకున్నవారి ఫోన్లు విలేకరులు చేరలేని చోటును చూపాయి. అయితే ఎవరు, ఎక్కడి నుంచి పంపారో సరిచూసే మనుషులు అవతల ఉన్నందువల్లనే అవి వార్తలయ్యాయి. లైవ్‌లో ఆ రెండో మనిషి ఉండడు. పిల్లల ముఖమో, లైంగిక దాడికి గురైన మహిళ ఇల్లో అందులో కనబడితే వెనక్కు తీసుకునే వీలూ ఉండదు. లైంగిక దాడికి గురైన పిల్లల, మహిళల గుర్తింపును బయటపెట్టడం, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టంలోని 23వ సెక్షన్, భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ ప్రకారం నేరం.

పంపడం తేలిక. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. కత్తిరించని అసలు ఫైలును ఫోన్‌లోనే ఉంచుకోవాలి. ఒకేసారి పది పత్రికలకు పంపకుండా, ముందు మీ మండల విలేకరికే పంపండి, గంటలో అక్కడికి రాగలిగేది అతనే. మీ పేరు, ఫోన్ నంబరు ఇచ్చి, పేరు అచ్చులో వద్దనుకుంటే ఆ మాట పైనే రాయండి.

తరువాత అతని నుంచి ఫోన్ వస్తే ఎత్తండి. రెండు రోజులైనా వార్త రాకపోతే ఒక్కసారి అడగండి. చాలాసార్లు అప్పటికి ఆగి ఉండేది అధికారి వివరణ కోసమే.