అగ్ని నక్షత్రంలో వేడి ప్రయోగాలా? ముందు ఒక బకెట్ నీళ్లు పట్టి ఉంచండి

మే మొదటి వారంలో చెన్నైలో అగ్ని నక్షత్రం, అంటే ఎండలు బాగా మండే రోజులు, మొదలవుతుంది. సెలవుల్లో ఇంట్లోనే ఉండే పిల్లలకు వేడి గురించి చేసి చూపించడానికి మంచి సమయమే. కానీ పొయ్యి వెలిగించొద్దు. మనం వేలు పెట్టి ఓర్చుకోగలిగే వేడి నీళ్లు చాలు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే కొన్ని సెకన్లలో కాలుస్తాయి, పిల్లల చర్మం ఇంకా పలచన.

నీళ్లు మీరే పోయాలి. చల్లటి గాజు గ్లాసులో వేడి నీళ్లు పోస్తే లోపలి వైపు ముందు వ్యాకోచించి గ్లాసు పగలొచ్చు, అందుకే స్టీలు గిన్నె మేలు. అందులో ఒక స్టీలు చెంచా, ఒక చెక్క గరిటె వేయండి. కాసేపాగి మీరు పట్టుకు చూశాకే, ఏ కాడ ఎక్కువ వేడెక్కిందో పిల్లలను ముట్టుకుని చూడనివ్వండి. కాడకు నెయ్యి రాసి కరగడం చూపిద్దామంటే, ఈ ఎండలకు అది చెంచా వేడెక్కకుండానే కరిగిపోతుంది!

జ్వరం చూసే పాదరసం థర్మామీటర్‌ను వేడి నీళ్లలో ముంచొద్దు. దాని కొలత 42 డిగ్రీల దాకానే. అది పగిలితే పాదరసం ఇల్లంతా దొర్లుతుంది, దాని ఆవిరి విషం.

నాకు బాగా నచ్చేది ఇసుక, నీళ్ల ప్రయోగం. రెండు గిన్నెల్లో సమాన బరువు తీసుకుని, పొద్దున పదిలోపు అరగంట డాబా మీద ఎండలో ఉంచండి. ఇసుక చురుక్కుమంటుంది, నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. ఒకే బరువుకు, అంతే వేడెక్కడానికి నీళ్లకు ఇసుక కంటే నాలుగైదు రెట్లు వేడి కావాలి. నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నం మెరీనా బీచ్ మీదుగా సముద్రపు గాలి వీచేది ఇందుకేనని అప్పుడు చెప్పండి, చటుక్కున పట్టుకుంటారు. గిన్నెలు పెట్టడానికి, తీయడానికి మాత్రమే పైకి వెళ్లాలి, అదీ చెప్పులతో. మా వాడు పోయినేడు ఒట్టి కాళ్లతో పరిగెత్తి అరికాళ్లు బొబ్బలెక్కించుకున్నాడు. భూతద్దం తీసుకెళ్లనివ్వొద్దు, దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి.

చర్మం కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు. ముఖమో చేతులో కాలినా, పెద్ద బొబ్బ లేచినా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. ఇక్కడ మధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నుంచి వచ్చేవి కూడా వేడి నీళ్లే. కాబట్టి తెల్లవారుజామునే బకెట్ నింపి, చెంబుతో సహా నీడలో పెట్టుకున్నాకే ప్రయోగం మొదలుపెట్టండి.