హంగరీ పాత వెండి డెనార్లు: కొనడం తేలికే, కడగడంలోనే పాడుచేస్తున్నారు

డెనార్లంటే హంగరీ రాజులు పూర్వం వేయించిన చిన్న వెండి నాణేలు. సేకరించడం మొదలుపెడుతుంటే, మొదటి నాణెం హంగరీని ఏలిన మాత్యాష్ రాజుదే (1458–1490) కొనండి. చాలావాటి మీద ఒకవైపు బాల యేసుతో మరియమ్మ, రెండో వైపు మధ్యలో బొంతకాకి ఉన్న రాజముద్ర, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. మరియమ్మ పక్కన ‘కే’ (K) అక్షరం ఉంటే అది క్రెమ్నిత్సా టంకశాలది, ఆ ఊరు ఇప్పుడు స్లొవేకియాలో ఉంది. చాలామంది చవగ్గా వస్తున్నాయని 12వ శతాబ్దపు పేరు లేని డెనార్లతో మొదలుపెడతారు. అవి చొక్కా గుండీ అంత ఉంటాయి, రాజు పేరే ఉండదు, గీతలూ చుక్కలూ చంద్రవంకలూ చూసుకుంటూ హుసార్ కేటలాగులో (హంగరీ నాణేలకు నంబర్లిచ్చిన పుస్తకం) అది ఏ నంబరో తేలక నెలకే విసిగిపోతారు.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, 0.01 గ్రాము దాకా చూపే కాటా, డిస్టిల్డ్ వాటర్. సామాను అంతే.

ఇక అసలు సంగతి కడగడం. మట్టి లేకపోతే అసలు ముట్టుకోకండి. నలుపు మురికి కాదు, వెండికి వయసుతో వచ్చిన రంగు, కొనేవాళ్లు దానికే విలువిస్తారు. ఇంట్లో వెండి కుందులు తోమినట్టు విభూది, చింతపండు, టూత్‌పేస్ట్ పెట్టారంటే అక్షరాలు అరిగిపోతాయి, ఇక తిరిగి రావు. అల్యూమినియం రేకు, వంటసోడా చిట్కా కూడా వద్దు, రాగి కలిసిన నాణెం గులాబీ రంగుకు తిరగొచ్చు.

మట్టి ఉంటే గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి, వారమైనా పట్టనివ్వండి. పట్టకారుతో ఎత్తొద్దు, నీళ్లు నెమ్మదిగా వంపి అరచేతిలోకి జారనివ్వండి. గుడ్డతో రుద్దకుండా మెత్తటి కాగితం మీద పెట్టి వదిలేయండి. వంగి ఉంటే వంగినట్టే ఉంచండి. వందల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి లోపల పెళుసెక్కిపోతుంది, పైకి తెలీదు. నేను ఒకసారి పావు గ్రాము డెనారును బొటనవేలితో కాస్త నొక్కాను, అప్పడంలా రెండు ముక్కలైంది.

దాచడానికి కాగితం కవర్లే వాడాలి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. నాణేన్ని మధ్యలో పెట్టి స్టేపిల్ చేసే అట్టలు కొందరికి ఇష్టం, పిన్ను పీకేటప్పుడు నాణెం గీసుకుపోయాక వాళ్లే కవర్లకు వస్తారు. బరువు, రాజు పేరు, నంబరు కవరు మీద ముందే రాసి తర్వాత నాణెం వేయండి. లోపల నాణెం ఉండగా దాని మీద బాల్‌పెన్ను నొక్కి రాసేవాళ్లను కూడా చూశాను.