తొలి ఉద్యోగంలో ఊపిరాడడం లేదా? ముందు మీ ఒరిజినల్స్ ఎక్కడున్నాయో చూసుకోండి

సమస్య: ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపులో తిప్పుతుంది. మేనేజర్ నంబరు కనబడితే గుండె దడ. రాత్రి పదింటికీ పని చెబుతారు. మానేద్దామంటే నోరు పెగలదు.

విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరి ఈ బాధ చెప్పుకునే పిల్లలకు ఏళ్లుగా ఒకటే ప్రశ్న వేస్తున్నాను: "మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి?" చాలామంది తల దించుకుంటారు. "ఏడాది అయ్యాక ఇస్తామన్నారండీ" అంటారు.

అసలు కారణం: మేనేజర్ అరుపులు పైకి కనిపిస్తాయి, ఆఫీసు బీరువాలో ఉన్న మీ సర్టిఫికెట్ల కవరు కనిపించదు. కొత్తచోట జాయినింగ్ రోజున ఒరిజినల్స్ చూపించమంటారు. అవి లేవు కాబట్టి ఇంటర్వ్యూలకే వెళ్లం. వెళ్లే దారి లేదని తెలిశాక ఏం అన్నా పడతాం. బెంజి సర్కిల్ దగ్గర నా మొదటి ఆఫీసులో నావి పద్నాలుగు నెలలు ఉండిపోయాయి. నేనే పిరికివాణ్ణి అనుకుంటూ బతికాను. చేతికొచ్చిన రోజు బస్టాపులో కవరు విప్పి లెక్కపెట్టాను: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ప్రొవిజనల్, టీసీ. మెమో మూలన వాళ్ల ఫైలు పిన్ను తుప్పు మరక. అది ఇప్పటికీ ఉంది. మర్నాడే రాజీనామా ఇచ్చాను. అదే మేనేజర్ ఎదురుగా నిలబడి మాట్లాడితే గొంతు వణకలేదు.

పరిష్కారం: ముందు రాజీనామా ఇవ్వకండి, గొడవా పడకండి. "ఒరిజినల్స్ తీసుకురండి" అని వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. రసీదు ఇవ్వకపోతే అదే మీ సాక్ష్యం. తర్వాత ఒక్కో సర్టిఫికెట్ పేరు, హాల్‌టికెట్ నంబరు రాసి, తిరిగి ఇవ్వమని మెయిల్ పెట్టండి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు, అంతే. రెండు వారాలు చూసి అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ ఇవ్వకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

పోయాయని పోలీస్ స్టేషన్లో రాసిచ్చి డూప్లికేట్లు తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. ఎక్కడున్నాయో తెలిసీ పోయాయని రాసిస్తే తప్పు మీదవుతుంది.

తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడే లెక్కపెట్టుకోండి, ఆ తర్వాతే సంతకం.

మిగతావి: పీఎఫ్ కోస్తున్నారు గానీ కడుతున్నారో లేదో అనుమానమా? యూఏఎన్‌కు (మీ పీఎఫ్ నంబరుకు) లింకైన మొబైల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. లైంగిక వేధింపులైతే ఇది వేరే దారి: పదిమంది, ఆపైన పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, జరిగిన మూడు నెలల్లోపు దానికి ఫిర్యాదు రాసివ్వాలి. ఇన్నాళ్లు మానేయమని బాండు రాసిచ్చినవాళ్లు ఆ కాగితం లాయరుకు చూపించండి.

నిద్ర, తిండి పోయినవాళ్లు మాత్రం సర్టిఫికెట్లు వచ్చేదాకా ఆగకండి. ఇవాళే 14416కు చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.