ఫ్రెండ్ ఐరన్‌మ్యాన్ రేసులో ఉంటే మీరేం చేయాలి

ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, ఆ తర్వాత 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒక్క రోజులోనే. చాలా రేసుల్లో గడువు 17 గంటల దాకా ఉంటుంది, కాబట్టి పొద్దున్నే గొంతు పోయేలా అరిచి మధ్యాహ్నానికి చతికిలబడితే లాభం లేదు. మీ అవసరం అసలు పడేది పరుగు రెండో సగంలో.

ఈతలో అందరికీ దాదాపు ఒకేలాంటి టోపీలే, గుర్తుపట్టడం కష్టం. సైకిల్ మీద కనురెప్పపాటులో వెళ్లిపోతారు. ఆ గంటల్లో మీరు తినండి, కాసేపు పడుకోండి, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోండి. రేసులో వాళ్లు ఎక్కడున్నారో ఫోన్‌లో చూపించే ట్రాకర్‌లో చాలాసేపు కదలిక లేదని టెన్షన్ పడొద్దు, వాళ్ల కాలికి కట్టిన చిప్ దారిలో అక్కడక్కడా పరిచిన టైమింగ్ మ్యాట్ దాటినప్పుడే కొత్త టైమ్ వస్తుంది.

పరుగులో ఎక్కడ నిలబడతారో, రోడ్డుకి ఏ పక్కనో ముందు రోజే ఇద్దరూ అనుకోండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఎందుకంటే ఒళ్లు మొరాయిస్తున్నప్పుడు ఆ మలుపు తిరిగితే మనవాళ్లుంటారన్న ఆశే కొన్ని కిలోమీటర్లు లాక్కెళ్తుంది, తీరా అక్కడ ఎవరూ లేకపోతే ఉన్న కాస్త ఓపికా పోతుంది. మాటిచ్చిన చోటు వదలకండి.

చేతికి మాత్రం ఏమీ ఇవ్వకండి. నీళ్ల సీసా, ఎనర్జీ జెల్ (శక్తి కోసం తినేది), ఏదైనా సరే బయటి సాయం కిందే లెక్క. పక్కనే పరిగెత్తడం కూడా అంతే. మీ ప్రేమ వల్ల వాళ్లు డిస్‌క్వాలిఫై అయ్యే ప్రమాదం ఉంది.

ఇంకా 15 కిలోమీటర్లు ఉండగా "అయిపోవచ్చింది" అనొద్దు, ఆ లెక్క వాళ్లకి మీకంటే బాగా తెలుసు. పేరు పెట్టి పిలవండి, "అడుగు బాగా పడుతోంది, ఇలాగే వెళ్లు" అనండి, చాలు. మొహం చిట్లించుకుని పలక్కుండా పోయినా మనసులో పెట్టుకోకండి. తూలుతున్నా, మాట తడబడుతున్నా, ఎక్కడున్నారో తెలియనట్టు చూస్తున్నా వెంటనే వాలంటీర్‌కో మెడికల్ టీమ్‌కో చెప్పండి.

ఫినిష్ దాటాక ఒళ్లు త్వరగా చల్లబడి వణుకు రావచ్చు, అందుకే పొడి బట్టలు, దుప్పటి, వాచిన పాదాలకు పట్టే వదులు చెప్పులు మీ సంచిలో ఉండాలి. వెంటనే కూర్చోబెట్టకుండా మెల్లగా నాలుగడుగులు వేయించండి. రేసు అయ్యాక వాళ్ల సైకిల్‌ని నిర్వాహకులు ఎవరికి అప్పగిస్తారో, తీసుకోవడానికి ఏం చూపించాలో ముందే కనుక్కోండి. బండి తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి, ఆ రాత్రి డ్రైవింగ్ మీదే.