హైటెక్స్‌లో కాన్సర్ట్‌కో ఎక్స్‌పోకో వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేసుకోండి

హైదరాబాద్‌లో ప్రాపర్టీ షో అయినా, పౌల్ట్రీ ఎక్స్‌పో అయినా, కామిక్ కాన్ అయినా, పేరున్న సంగీత దర్శకుడి లైవ్ షో అయినా వేదిక చాలాసార్లు ఒకటే: ఇజ్జత్‌నగర్‌లోని హైటెక్స్. 2003లో మొదలైన ఈ ప్రాంగణంలో ఎగ్జిబిషన్లకు పెద్ద పెద్ద ఏసీ హాళ్ళున్నాయి, కాన్సర్ట్‌లకు బయట మైదానం ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళను కదిలిస్తే పాట బాగాలేదని తిట్టేవాళ్ళు తక్కువ. గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారనీ, పవర్ బ్యాంక్ పారేయించారనీ, రాత్రి క్యాబ్ దొరక్క రోడ్డు మీద పడిగాపులు పడ్డామనీ తిట్టేవాళ్ళే ఎక్కువ.

స్టేజి మీద జరిగేదాన్ని మనం మార్చలేం. ఇంటి నుంచి గేటు దాకా, మళ్ళీ గేటు నుంచి ఇంటి దాకా జరిగేది మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఆ రెండింటి గురించే.

1. టికెట్ కొనే ముందు మూడు విషయాలు చూడండి

మొదటిది, హాల్లోనా, ఆరుబయటా? ఇది చిన్న తేడా కాదు. ఎగ్జిబిషన్ హాళ్ళు స్టాళ్ళ కోసం కట్టినవి, సంగీతం కోసం కాదు. ఎత్తయిన కప్పు, గట్టి నేల ఉన్నచోట శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. వెనకాల నిలబడినవాళ్ళకు డ్రమ్స్ హోరు తప్ప పాటలో మాట వినపడదు. అందుకే హాల్లో జరిగే కాన్సర్ట్‌కి చవక టికెట్ కొని చివర్లో నిలబడటం దండగ. ఆరుబయట అయితే వెనక టికెట్ కూడా ఫర్వాలేదు.

రెండోది, కూర్చునేదా, నిలబడేదా? ఫ్యాన్ పిట్ అని ఖరీదుగా అమ్మేది దాదాపు ఎప్పుడూ నిలబడే చోటే. అమ్మానాన్నలనో చిన్నపిల్లలనో తీసుకెళ్ళేటప్పుడు పేరు చూసి మోసపోకండి. సీటింగ్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి.

మూడోది వయసు. కాన్సర్ట్‌లో కొన్ని జోన్లలోకి పిల్లల్ని రానివ్వరు. వ్యాపారుల కోసం పెట్టే ట్రేడ్ ఎక్స్‌పోల్లో కూడా చాలావాటికి 18 ఏళ్ళ లోపు వాళ్ళకు ప్రవేశం ఉండదు. ఈ సంగతి నిబంధనల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గేటు దగ్గర ఎంత బతిమాలినా లాభం ఉండదు.

2. టికెట్‌ను ఇంటి దగ్గరే ఫోన్‌లోకి దించుకోండి

వేలమంది ఒకేచోట చేరితే ఆ చుట్టుపక్కల మొబైల్ టవర్లు తట్టుకోలేవు. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. టికెట్ యాప్‌ను ఇంట్లో వైఫై మీదే తెరిచి, క్యూఆర్ కోడ్ కనిపిస్తోందో లేదో చూసుకోండి. కొన్ని యాప్‌లలో కోడ్ కొద్దిసేపటికోసారి మారుతుంటుంది, వాటికి స్క్రీన్‌షాట్ పనికిరాదు. అలాంటిదైతే ఇంట్లోనే లాగిన్ అయి, యాప్‌ను మూయకుండా ఉంచుకోండి. నలుగురి టికెట్లూ ఒకరి ఫోన్‌లోనే ఉంటే నలుగురూ కలిసే లోపలికి వెళ్ళాల్సి వస్తుంది. ముందే ఎవరిది వాళ్ళకు పంపేస్తే ఆ గొడవ ఉండదు.

ఎక్స్‌పో అయితే ఆన్‌లైన్‌లో విజిటర్ రిజిస్ట్రేషన్ చేసుకుని బ్యాడ్జి ప్రింట్ తీసుకెళ్ళండి. రిజిస్ట్రేషన్ చాలాసార్లు ఉచితమే. అది చేసుకోనివాళ్ళు కౌంటర్ దగ్గర ఫారం నింపుతూ అరగంట పోగొట్టుకుంటారు.

3. బ్యాగ్ వద్దు

కాన్సర్ట్‌కి వీలైతే ఏ బ్యాగూ లేకుండానే వెళ్ళండి. వాటర్ బాటిల్, పెర్‌ఫ్యూమ్, లైటర్, పవర్ బ్యాంక్, సెల్ఫీ స్టిక్, బయటి తిండి, గొడుగు లాంటివాటిని చాలా షోల్లో సెక్యూరిటీ వాళ్ళు ఆపేస్తారు. కొన్నిచోట్ల చిల్లర నాణేలు కూడా వద్దంటారు, స్టేజి మీదికి విసురుతారన్న భయంతో. ఆపినదాన్ని దాచిపెట్టే క్లోక్ రూమ్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఆధార్, ఫోన్, కొంచెం నగదు, అవసరమైన మందులు ఉంటే చాలు. మందులతో పాటు డాక్టర్ చీటీ కూడా పెట్టుకోండి.

నగదు ఎందుకంటే, సిగ్నల్ పోయినప్పుడు యూపీఐ కూడా పోతుంది. లోపల ఫుడ్ స్టాళ్ళ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు: రేటు ఎక్కువ, రుచి అంతంతమాత్రం. తినేసి వెళ్ళండి.

చెప్పుల బదులు బూట్లు వేసుకోండి. కాన్సర్ట్‌లు ఎక్కువగా జరిగేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నెలల్లో తొమ్మిది దాటాక ఖాళీ మైదానంలో బాగానే చలేస్తుంది. పల్చటి జాకెట్ నడుముకు కట్టుకెళ్తే సరిపోతుంది.

4. దారి ముందే తేల్చుకోండి

ముందుగా ఒక సంగతి: హైటెక్స్ వేరు, హెచ్‌ఐసీసీ (హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్) వేరు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కానీ లోపలికి వెళ్ళే దారులు వేరు. నోవోటెల్ హోటల్‌ను ఆనుకుని ఉన్నది హెచ్‌ఐసీసీ. టికెట్ మీద ఏది రాసి ఉందో, హాల్ నంబరెంతో, ఏ గేటో చూసి అదే మ్యాప్‌లో పెట్టుకోండి. రెండోసారి చెకింగ్ క్యూలో నిలబడే బాధ తప్పుతుంది.

మెట్రోలో వస్తే బ్లూ లైన్‌లో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి హైటెక్స్ సుమారు మూడు కిలోమీటర్లు, ఆటోనో క్యాబో తప్పదు. వరంగల్ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఉప్పల్‌లో దిగితే అదే లైన్ మీద నేరుగా రావచ్చు. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఎల్బీ నగర్‌లో రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారడం సులువు. సిటీ మధ్య నుంచి కారులో వచ్చే బంధువుల కంటే మీరే ముందు చేరినా ఆశ్చర్యం లేదు.

సైబర్ టవర్స్ నుంచి కొత్తగూడ వెళ్ళే రోడ్డు మీద హైటెక్స్ కమాన్ వస్తుంది. ఆటోవాళ్ళకు కమాన్ అంటే చాలు. అయితే కమాన్ దగ్గర దిగితే హాళ్ళ దాకా ఇంకా బాగానే నడవాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే బండి లోపలిదాకా వెళ్తుందో లేదో ముందే అడగండి. రద్దీ రోజుల్లో పోలీసులు బయటే ఆపేస్తుంటారు.

శుక్రవారం సాయంత్రం షో అంటే మాత్రం జాగ్రత్త. ఐటీ ఆఫీసులు వదిలే సమయమూ, గేట్లు తెరిచే సమయమూ ఒకటే అవుతాయి. అయిదింటికి బయల్దేరి ఆరింటికి చేరదామనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

5. ఆలస్యంగా వెళ్తే పోయేది మొదటి పాట ఒక్కటే కాదు

మనవాళ్ళకు ఒక లెక్క ఉంది: ఆరింటికని వేశారంటే ఎనిమిదికి మొదలుపెడతారు. మొదలవడం ఆలస్యమవుతుందన్నది నిజమే కావచ్చు. ముగింపు సమయం మాత్రం వెనక్కి జరగదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మత సంబంధ సందర్భాలకు ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు కానీ, మామూలు కాన్సర్ట్‌కి అది ఉంటుందని అనుకోకండి. అంటే గాయకుడు గంట ఆలస్యంగా వస్తే ఆ గంట పాటల్లోంచే పోతుంది.

గేట్లు తెరిచిన మొదటి గంటలో వెళ్ళినవాళ్ళకు క్యూ చిన్నదిగా ఉంటుంది. షో మొదలయ్యే ముప్పావుగంట ముందు నుంచే అసలు రద్దీ. ఆ రద్దీలో ప్రమాదం కూడా ఉంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం తొక్కిసలాటలో 11 మంది చనిపోయింది లోపల కాదు, గేట్ల దగ్గర. చుట్టూ ఉన్నవాళ్ళు అన్ని వైపుల నుంచీ ఒంటికి తగులుతూ, మీ కాళ్ళు మీరు అనుకున్న చోట పడకపోతే అది వెనక్కి తగ్గాల్సిన సమయం. చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. ఎదురు తోయకండి. ఒత్తిడి కాస్త సడలినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరుగుతూ రండి. బారికేడ్‌కీ గోడకీ దూరంగా ఉండండి. ఫోన్ కింద పడితే దానికోసం వంగకండి. టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు.

6. కాన్సర్ట్‌లో ఎక్కడ నిలబడాలి?

అందరూ స్టేజి ముందుకు పరిగెత్తుతారు. గాయకుణ్ణి దగ్గర నుంచి చూడాలంటే అదే చోటు. పాట వినాలంటే మాత్రం కాదు. మైదానం మధ్యలో స్టేజికి ఎదురుగా ఒక చిన్న టెంటు ఉంటుంది, అందులో సౌండ్ ఇంజినీర్ మిక్సింగ్ డెస్క్ ముందు కూర్చుంటాడు. ఆయన వింటూ సరిచేసేది తన చెవికి వినిపించే శబ్దాన్నే. కాబట్టి ఆ టెంటుకు కాస్త ముందో పక్కనో నిలబడితే పాట ఎలా ఉండాలనుకున్నారో అలాగే వినిపిస్తుంది. తోపులాటా తక్కువ. వాష్‌రూమ్‌కి వెళ్ళొచ్చినా చోటు పోదు.

ఇంకా వెనక ఉన్నవాళ్ళకు పెద్ద తెర మీద పెదాల కదలికా మాటా కలవనట్టు అనిపిస్తే తెరను తప్పుపట్టకండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. స్టేజికి వంద మీటర్ల దూరంలో ఉంటే పాట మీ దగ్గరికి చేరేసరికి సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం. వెనకాల స్తంభాల మీద పెట్టే అదనపు స్పీకర్లను కూడా కావాలనే అంత ఆలస్యంగా మోగిస్తారు, లేకపోతే అదే పాట రెండుసార్లు వినిపిస్తుంది.

స్పీకర్ల పక్కన మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నిలబడొద్దు, ముఖ్యంగా పిల్లలతో. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి వేదికలకు ఒక ప్రమాణం ఇచ్చింది: 15 నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని. అది నిర్వాహకులు పాటించాల్సినది. మన వంతుగా మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ జేబులో వేసుకోవచ్చు. చాలామంది వాటిని చెవి అంచున తగిలించి పనిచేయలేదంటారు. ప్లగ్‌ను వేళ్ళ మధ్య సన్నగా నలిపి, ఇంకో చేత్తో తల మీదుగా చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. పాట అప్పుడూ వినిపిస్తుంది, హోరు మాత్రం తగ్గుతుంది. మర్నాడు కూడా చెవుల్లో గింగురుమంటుంటే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి.

గుంపుగా వెళ్తే లోపలికి అడుగుపెట్టగానే కలుసుకునే చోటొకటి అనుకోండి. "స్టేజి ఎడమవైపు" అంటే కుదరదు, అక్కడ వెయ్యిమంది ఉంటారు. ఫలానా గేటు నంబరు బోర్డు కింద అనుకుంటే మేలు. వాట్సాప్ కదలనప్పుడు మామూలు ఎస్‌ఎంఎస్ వెళ్ళే అవకాశం ఎక్కువ. పిల్లల చేతికి మీ ఫోన్ నంబర్ రాసిన పట్టీ కట్టండి.

7. ఎక్స్‌పో అయితే చివరి హాల్ నుంచి మొదలుపెట్టండి

జనమంతా మొదటి హాల్లో మొదటి స్టాల్ దగ్గరే గుమిగూడతారు. నేరుగా చివరి హాల్‌కి నడిచి అక్కడి నుంచి వెనక్కి రండి. పొద్దున తెరిచిన వెంటనే స్టాల్‌వాళ్ళకు ఓపిక ఉంటుంది, అడిగినదానికి నిదానంగా చెప్తారు. మధ్యాహ్నం నాలుగింటికి అదే మనిషి బ్రోచర్ చేతిలో పెట్టి పంపేస్తాడు. వస్తువులు అమ్మే ఎక్స్‌పోలో చివరి రోజు సాయంత్రం బేరానికి మంచి సమయం, ప్రదర్శనకు తెచ్చినవి తిరిగి మోసుకెళ్ళడం ఎవరికీ ఇష్టం ఉండదు. బ్రోచర్లు మోయకుండా స్టాల్ బోర్డునూ విజిటింగ్ కార్డునూ కలిపి ఒక ఫోటో తీసుకోండి.

ప్రాపర్టీ షో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ పోయేది టికెట్ డబ్బులు కాదు. "ఈరోజు బుక్ చేస్తేనే ఈ రేటు" అన్న మాట ప్రతి స్టాల్‌లో వినిపిస్తుంది. మీరు అడగాల్సింది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది దాటిన ఫ్లాట్లున్న ప్రాజెక్టయినా రెరాలో నమోదు కాకుండా ప్రకటించడానికీ అమ్మడానికీ వీల్లేదు. నంబర్ ఇస్తే అక్కడే ఫోన్‌లో రెరా వెబ్‌సైట్ తెరిచి సరిచూడండి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే తరవాతి స్టాల్‌కి నడవండి. రెరా చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం చేసుకోకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అసలు షోలో ఒక్క రూపాయి కూడా కట్టకుండా రావడమే నా సలహా. నిజంగా మంచి ఫ్లాటయితే సోమవారం కూడా ఉంటుంది.

8. బయటపడటం

కారులో వచ్చారా? ఆపినప్పుడే బండి ముందుభాగం బయటికి తిరిగి ఉండేలా పెట్టండి. లైన్ నంబర్ బోర్డు ఫోటో తీసుకోండి. చీకట్లో వేల కార్ల మధ్య తెల్ల కారు వెతకడం ఎంత కష్టమో పక్క బండ్ల రిమోట్ కూతలు వింటే తెలుస్తుంది. షో అయిపోగానే స్టార్ట్ చేసి ఇంజిన్ ఆన్‌లో పెట్టి కూర్చోకండి, అరగంట ఆగి కదిలినా దాదాపు అదే సమయానికి ఇల్లు చేరతారు.

క్యాబ్ అయితే గేటు ముందు నిలబడి బుక్ చేయకండి. అక్కడ సిగ్నల్ ఉండదు, రేటు రెట్టింపు చూపిస్తుంది, ఒప్పుకున్న డ్రైవర్ కూడా ఆ ట్రాఫిక్ చూసి క్యాన్సిల్ చేస్తాడు. గుంపుతో పాటు కమాన్ దాకా నడిచి, మెయిన్ రోడ్డు మీద కొంచెం ముందుకెళ్ళి అక్కడి నుంచి బుక్ చేయండి. కొండాపూర్ వైపు వెళ్ళేవాళ్ళు కొత్తగూడ వైపు నడిస్తే బండి వెనక్కి తిరగాల్సిన పని ఉండదు.

మెట్రో చివరి రైళ్ళు రాత్రి పదకొండు ప్రాంతంలో. వేళలు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు పొద్దున్నే మెట్రో యాప్‌లో చూడండి. షో పదింటికి అయిపోయిందనుకుంటే గేటు దాటడానికి అరగంట, స్టేషన్ చేరడానికి ఇంకో పావుగంట. అమీర్‌పేటలో రైలు మారాల్సినవాళ్ళకు అది కూడా చాలకపోవచ్చు. వాళ్ళు చివరి రెండు పాటలు వదులుకుని బయల్దేరడమో, ఎవరి కారులోనో ముందే సీటు మాట్లాడుకోవడమో చేయాలి.